ఎడారి ఊళ్ళో ఆడపిల్లల లెక్క

ఎడారి అనగానే మనకు ఒంటెలూ, ఇసుక తిన్నెలూ గుర్తొస్తాయి. అక్కడా వాకిలి ఊడ్చుకునేవాళ్ళూ, పిల్లలకి జడలేసి బడికి పంపేవాళ్ళూ వుంటారని ఎందుకో తట్టదు. రాజస్థాన్‌లోని జైసల్మేర్ అలాంటి ఊరే. 2011 జనాభా లెక్కల్లో ఊరి జనం 65 వేల పైచిలుకు. మన దగ్గరైతే ఓ మోస్తరు మునిసిపాలిటీ!

రావల్ జైసల్ 1156లో పునాది వేసిన కోట మన గోల్కొండలా చూసొచ్చేసే కోట కాదు. అందులో ఇప్పటికీ కాపురాలున్నాయి. తేనెరంగు రాతి గోడల మధ్య ఇరుకు సందులు, ఆరేసిన బట్టలు, కుక్కర్ కూతలు. మావారు బురుజులకి ఫోటోలు తీసుకుంటుంటే నా ధ్యాసంతా వంటిళ్ళ మీదే. పచ్చికూరలు అంతంతమాత్రంగా పండే చోట ఏం వండుకుంటారు? కేర్ అనే చిన్న కాయల్నీ, సాంగ్రీ కాయల్నీ మన ఒరుగుల్లా ఎండబెట్టి ఏడాదంతా దాచుకుంటారు. సాంగ్రీ అంటే మరేదో కాదు, మనం దసరాకి పూజ చేసే జమ్మిచెట్టు కాయలే.

ఇక నీళ్ళ సంగతి. సగటున ఏడాదికి 20 సెంటీమీటర్ల వానైనా పడని నేల. తరతరాలుగా ఊరికి గడీసర్ చెరువే దిక్కు. బిందెలు మోసింది ఆడవాళ్ళే. పంజాబ్ నుంచి ఇందిరాగాంధీ కాలువ నీళ్ళొచ్చాక ఊళ్ళో ఆ బరువు తగ్గింది. దూరపు పల్లెల్లో మాత్రం నెత్తిన బిందె ఇంకా దిగలేదు.

ఇంత చాకిరీ చేసే ఆడవాళ్ళు ఎంతమంది వున్నారంటే, 2011లో జిల్లా మొత్తం మీద 1000 మంది మగవాళ్ళకి 852 మంది. చదవను, రాయను వచ్చినవాళ్ళు నూటికి 40 మందే. సరిహద్దు జిల్లా కదా, సైనికులూ, పనుల కోసం వచ్చిన మగవాళ్ళూ ఎక్కువుంటారు, అందుకే ఆ తేడా అని సర్దిచెప్పుకోవచ్చు. మరి ఆరేళ్ళ వరకు వయసున్న పిల్లల్లో 1000 మంది మగపిల్లలకి 874 మందే ఆడపిల్లలు. చంటిపిల్లలు సైన్యంలో చేరరు కదా!

సహజంగా అయితే 1000 మంది మగపిల్లలకి 950 మంది దాకా ఆడపిల్లలు పుడతారు. అంటే ఆ తగ్గినవాళ్ళు పుట్టకుండానో, పుట్టాక సరైన తిండీ, వైద్యమూ అందకనో పోయారన్నమాట. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడం నేరమని 1994లోనే చట్టం వచ్చింది.

‘ఎక్కడో ఎడారిలో’ అని పేజీ తిప్పేయకండి. అదే 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1000 మంది మగవాళ్ళకి 993 మంది ఆడవాళ్ళున్నారని సంబరపడ్డాం. ఆరేళ్ళ వరకు పిల్లల్లో చూస్తే ఆడపిల్లలు 939 మందే. ‘మళ్ళీ ఆడపిల్లేనా?’ అనే మాట మన ఇళ్ళల్లో వినబడటం లేదా? పురిటి మంచం పక్కన ఆ మాట అనేదీ, అననివ్వనిదీ ఎక్కువగా మనమే. ఈసారి ఎవరైనా అనబోతే మీరేమంటారో, ఇప్పుడే అనుకుని వుంచుకోండి.