ఇంటికి చక్రాలు.. పక్కన చార్లీ

ఒళ్లో ల్యాప్‌టాప్, పక్కన పెంపుడు కుక్క, కిటికీలో కొండలు.. ఇలా తిరుగుతూనే ఉద్యోగం చేసేయొచ్చని రీల్స్ ఊరిస్తున్నాయి. నిజమేనా? ఆ బండి వెనక ఉండే లెక్కలేంటి? కొలువుల వేటలో ఉన్నవాళ్లు అందులోంచి నేర్చుకునేదేంటి?

1960, ఆకులు రాలే కాలం. అమెరికాలో పేరుమోసిన నవలా రచయిత జాన్ స్టెయిన్‌బెక్ నయాగరా జలపాతం దగ్గర సరిహద్దు దాటి కెనడాలోకి వెళ్లబోయారు. అప్పటికి ఆయన వయసు 58. పికప్ ట్రక్కు మీద చిన్న గది బిగించుకుని, చార్లీ అనే పూడుల్ కుక్కను పక్కన కూర్చోబెట్టుకుని దేశం చుట్టి రావడానికి బయల్దేరారు. సరిహద్దులో ఆయన గురించి ఎవరికీ అభ్యంతరం లేదు. అడిగిందల్లా కుక్క గురించే. రేబిస్ టీకా సర్టిఫికెట్ ఉందా? ఎప్పుడో వేయించారు కానీ, కాగితం వెంట లేదు. అది లేకపోతే తిరుగు ప్రయాణంలో చార్లీని అమెరికాలోకి రానివ్వరని తెలిసి బండి వెనక్కి తిప్పేశారు.

ఆ ప్రయాణమే 1962లో ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ పుస్తకంగా వచ్చింది. అదే ఏడాది ఆయనకు నోబెల్ సాహిత్య బహుమతి దక్కింది. అంతటి రచయితనూ ఆపేసింది ఒక్క కాగితం! సర్టిఫికెట్ల వెరిఫికేషన్ రోజున ఒరిజినల్ ఇంట్లో మర్చిపోయి గేటు బయట నిలబడ్డవాళ్లకు ఆ బాధేంటో వేరే చెప్పక్కర్లేదు.

ఏంటీ ఆర్‌వీ?

ఆర్‌వీ అంటే రిక్రియేషనల్ వెహికల్. సినిమా షూటింగుల్లో హీరోలకు ఉండే కారవాన్ తెలుసుగా.. దానికి దగ్గరి చుట్టం అనుకోండి. మంచం, పొయ్యి, ఫ్రిజ్, టాయిలెట్ అన్నీ లోపలే. కొన్నింటికి సొంత ఇంజిన్ ఉంటుంది. కొన్నింటిని ట్రక్కుకు తగిలించి లాక్కెళ్తారు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌కార్ట్ ప్రాంతం వీటి తయారీకి కేంద్రం. దానికి ‘ప్రపంచ ఆర్‌వీ రాజధాని’ అనే పేరే ఉంది.

రీల్‌లో కనిపించనివి కొన్నుంటాయి. ఆర్‌వీలో నీళ్లకు మూడు ట్యాంకులు. ఒకటి మంచినీళ్లకు, ఒకటి సింకు, స్నానం నీళ్లకు, ఇంకోటి టాయిలెట్‌కు. నిండిన ట్యాంకును అనుమతి ఉన్న చోటే, మన చేతులతోనే ఖాళీ చేయాలి. గ్యాస్ లీకేజీ చూసుకోవాలి, టైర్లలో గాలి చూసుకోవాలి. పక్కన కుక్క ఉంటే ఈ జాబితా రెట్టింపవుతుంది.

పది నిమిషాలే.. కానీ

ఒక సన్నివేశం ఊహించుకోండి. మీరు ఆర్‌వీలో ఉంటూ రిమోట్ జాబ్ చేస్తున్నారు. కుక్కను లోపల వదిలి, సిగ్నల్ బాగున్న చోటు వెతుక్కుని గంట మీటింగ్‌కు కూర్చున్నారు. లోపల ఏసీ నడుస్తోందన్న ధైర్యం. ఇంతలో క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు పోయింది. ఆ సంగతి మీకు తెలీదు. కుక్క చెప్పలేదు.

అమెరికా పశువైద్యుల సంఘం ఏవీఎంఏ చెప్పే లెక్క ఇది: బయట 24 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు, ఆపి ఉంచిన కారు లోపల పది నిమిషాల్లో 34 డిగ్రీలకు, అరగంటలో 43 డిగ్రీలకు చేరుతుంది. 24 అంటే మనకు చల్లని రోజు కిందే లెక్క! కిటికీ కాస్త తెరిచి ఉంచినా పెద్ద తేడా ఉండదు. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు. ప్రధానంగా రొప్పుతూనే వేడిని బయటికి పంపుతుంది. చుట్టూ ఉన్న గాలే మండుతుంటే ఆ రొప్పుడు ఏ మాత్రం చాలదు.

అందుకే అనుభవజ్ఞులు ఏసీ ఒక్కదాన్నే నమ్ముకోరు. లోపలి ఉష్ణోగ్రత పెరిగినా, కరెంటు పోయినా ఫోన్‌కు మెసేజ్ పంపే పరికరం పెట్టుకుంటారు. లోడు లెక్క కూడా వేసుకుంటారు. 30 ఆంపియర్ల కనెక్షన్ మీద, అక్కడి 120 వోల్టులకు, దొరికేది 3,600 వాట్లే. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, హీటర్ కలిపి వేస్తే బ్రేకర్ పడిపోవచ్చు. ఇంటర్‌లో చదువుకున్న ఫిజిక్స్ సూత్రమే.. కాకపోతే ఇక్కడ తప్పితే పోయేది మార్కులు కాదు, ప్రాణం.

‘ప్లాన్ ప్రకారం జరగకపోతే మీరేం చేస్తారు?’ అని ఇంటర్వ్యూల్లో అడుగుతుంటారు కదా. ఆర్‌వీలో కుక్కతో ఉండేవాళ్లు ఈ ప్రశ్నకు రోజూ జవాబు చెప్పుకోవాల్సిందే.

ఎల్లోస్టోన్‌లో ఏమైంది?

స్టెయిన్‌బెక్ చార్లీని తీసుకుని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు వెళ్లారు. ఇంట్లో శాంతమూర్తిలా ఉండే చార్లీ అక్కడ ఎలుగుబంట్లను చూసి పిచ్చెత్తినట్టు అరిచింది. చేసేదేం లేక ఆయన పార్కు నుంచి బయటపడ్డారు.

ఇప్పుడు అక్కడ నిబంధనలు గట్టిగానే ఉన్నాయి. ఎల్లోస్టోన్‌లో కాలిబాటల మీదికీ, వేడినీటి ఊటల దగ్గరి చెక్క వంతెనల మీదికీ కుక్కల్ని రానివ్వరు. రోడ్లు, పార్కింగ్, క్యాంపు స్థలాలకు 100 అడుగుల లోపే తిప్పాలి. తాడు 6 అడుగులకు మించకూడదు. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున పైనున్న బాటల్లో తాడుతో తిప్పొచ్చు కానీ, లోయలోకి దింపడానికి వీల్లేదు. ఫలానా పార్కుకు వెళ్లాలనుకుంటే, కుక్కతో ఎక్కడిదాకా వెళ్లొచ్చో ముందే చదువుకోవాలి. నోటిఫికేషన్ పూర్తిగా చదవకుండా అప్లై చేసి, చివర్లో అర్హత లేదని తెలుసుకోవడం లాంటిదే ఇదీనూ.

కాగితాల సంగతీ మారింది. 2024 ఆగస్టు నుంచి కుక్కతో అమెరికాలోకి రావాలంటే దానికి కనీసం ఆరు నెలల వయసు, ఒంట్లో మైక్రోచిప్, సీడీసీ ఫారం ఉండాలి. రేబిస్ తీవ్రంగా ఉన్న దేశాల నుంచి తెస్తే షరతులు ఇంకా ఎక్కువ.

మరి ఉద్యోగం?

రోడ్డు మీద బతికేవాళ్లంతా సాఫ్ట్‌వేర్ వాళ్లే కాదు. కస్టమర్ సపోర్ట్, డిజైనింగ్, అకౌంట్స్ పనులు చేసేవాళ్లూ ఉన్నారు. క్యాంప్‌గ్రౌండ్లలో వచ్చినవారికి సాయం చేస్తూ, శుభ్రత చూసుకుంటూ, బదులుగా బండి నిలుపుకోవడానికి ఉచితంగా చోటు పొందేవాళ్లున్నారు. ఆర్‌వీలు రిపేరు చేసే టెక్నీషియన్లు, కుక్కలకు శిక్షణ ఇచ్చేవాళ్లు, పశువైద్యులు.. వీళ్లందరికీ ఈ ప్రయాణాలే ఉపాధి.

ఎమ్మెస్‌కు వెళ్లాలనుకునే మన పిల్లలు మాత్రం ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఎఫ్‌1 వీసా మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేయకూడదు. ‘జీతం తీసుకోవట్లేదుగా, చోటు మాత్రమే ఇస్తున్నారు’ అనుకుంటే పొరపాటు. దాన్నీ ప్రతిఫలంగానే లెక్కించే ప్రమాదం ఉంది. యూనివర్సిటీలోని డీఎస్‌ఓను అడగందే అడుగు వేయొద్దు. హెచ్‌1బీ వచ్చాకైనా హాయిగా తిరుగుతూ పనిచేయొచ్చా అంటే అదీ అంత తేలిక కాదు. ఆ వీసా పనిచేసే ప్రదేశంతో ముడిపడి ఉంటుంది. ఆ నగర పరిధి దాటి పనిచోటు మారితే సాధారణంగా కంపెనీ సవరించిన పిటిషన్ వేయాలి. సెలవు పెట్టుకుని, ఆర్‌వీ అద్దెకు తీసుకుని పదిరోజులు తిరిగి రావడానికి మాత్రం ఈ చిక్కులుండవు.

ముందు ఈ మూడు ప్రశ్నలు

కుక్కను పెంచుకోవాలన్న కోరిక హాస్టల్ గదిలోనే మొదలవుతుంది. సరే, మంచిదే. కానీ ఒకసారి ఆగి ఆలోచించండి.

మొదటిది: రేపు ప్లేస్‌మెంట్ వచ్చి బెంగళూరో, పుణేనో వెళ్లాల్సివస్తే అక్కడి పీజీలో కుక్కను ఉంచనిస్తారా? లేదంటే ఊళ్లో అమ్మానాన్నల మీద వదిలేస్తారా? కుక్క పదేళ్లకు పైగా బతుకుతుంది. మీ మొదటి రెండు మూడు ఉద్యోగాలకన్నా దాని ఆయుష్షే ఎక్కువ కావచ్చు.

రెండోది: టీకాలు, తిండి, ఆస్పత్రి ఖర్చులకు నెలనెలా ఎంత పక్కన పెట్టగలరు? జీతం వచ్చాక చూద్దాంలే అంటే కుదరదు.

మూడోది: మీకు జ్వరమొచ్చిన రోజు దాన్ని ఎవరు చూస్తారు? ఒక్క పేరైనా చెప్పగలగాలి.

ఈ మూడింటికీ జవాబు దొరికితే ఆర్‌వీ సంగతి తర్వాత.. ముందు వారాంతంలో కారులో దగ్గరి ఊరికి తీసుకెళ్లి చూడండి. ఎండ, నీళ్లు, వాంతులు, ఆగే చోట్లు.. అన్నీ ఒక్క రోజులోనే తెలిసిపోతాయి.

రెండు చేతులు

దారిలో చార్లీకి మూత్ర సమస్య వచ్చింది. స్పోకేన్ ఊళ్లో చూపించిన పశువైద్యుడి చేతులు వణుకుతున్నాయి. కుక్క మీద ఆయనకు ఆసక్తి కూడా కనిపించలేదు. తర్వాత టెక్సస్‌లోని అమరిల్లోలో మరొక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన కుర్రాడే. కానీ చేయి వేసిన తీరులోనే పని తెలిసినవాడని అర్థమైంది. కొన్ని రోజులు దగ్గర ఉంచుకుని చార్లీని కోలుకునేలా చేశాడు.

ఇద్దరిదీ ఒకే వృత్తి. సుమారు 16,000 కిలోమీటర్ల ప్రయాణం రాసుకున్న రచయిత ఈ ఇద్దరికీ పుస్తకంలో చోటిచ్చాడు. ఒకరిని చార్లీ విషయంలో నిరాశపరిచినందుకు, ఇంకొకరిని దాన్ని నిలబెట్టినందుకు. మీ చేతుల్లో పెట్టింది కుక్కైనా, కోడైనా, కస్టమర్ ఫోనైనా.. అవతలివాళ్లకు గుర్తుండేది మీరు పట్టుకున్న తీరే.