కుందేటికి పచ్చి ఆకుకూరలు

పెంపుడు కుందేలనగానే క్యారెట్ దుంపను కొరుకుచున్న బొమ్మయే పెక్కుమందికి స్ఫురించును. పిల్లల పుస్తకములు వ్యాపింపజేసిన యీ బొమ్మ కుందేళ్ల ఆరోగ్యమునకు కీడే చేసినదని నా నమ్మకము. చక్కెర హెచ్చుగానున్న ఆ దుంప దానికి రుచించును గాని, ఐబీరియా ద్వీపకల్పమున గడ్డియు నాకులును మేసి బ్రతికిన జాతికి సంతతియైన కుందేటి దేహము దుంపల కొరకు నిర్మితమైనది కాదు.

దాని జీర్ణక్రమము మిక్కిలి విచిత్రమైనది. చిన్నప్రేవు పెద్దప్రేవుతో కలియుచోట నున్న అంధనాళము, కడుపుకంటె పలురెట్లు పెద్దదై, అసంఖ్యాకములైన సూక్ష్మజీవులకు నివాసమై యున్నది. మేతలోని ముతక పీచు ఆ నాళమున నిలువకయే గుండ్రని పొడి పెంటికలై వెలువడగా, మెత్తని భాగము అందులోనికి మరలి, పులిసి, కొన్ని గంటలకు జిగురుపొరతో నిగనిగలాడుచు చిన్న ద్రాక్షగుత్తి వలె వెలుపలికి వచ్చును. కుందేలు దానిని నేల రాలనీయక, తల వంచి నేరుగ నోటనే అందుకొని మ్రింగును. చూపరులకు రోత గొలుపు నీ చర్య దురభ్యాసము కాదు. సూక్ష్మజీవులు సిద్ధపరచిన బి విటమినులను, మాంసకృత్తులను గ్రహించు ప్రకృతిసిద్ధోపాయము. చక్కెరయు పిండిపదార్థమును మితిమీరినచో ఆ సూక్ష్మజీవుల సమతౌల్యము చెడును. మెత్తని ముద్దలు తోకక్రింద బొచ్చునకు అంటుకొనియుండుట తరచుగ కనబడినచో ముందుగ మేతనే అనుమానింపవలెను.

కావున ఎండుగడ్డి ఎల్లవేళల దానియెదుట నుండవలెను. ప్రేవులను నడుపునది ఆ పీచే. జీవితాంతము పెరుగుచుండు 28 దంతములును అరుగుట దానిని నమలుటచేతనే. పచ్చికూరలు దానికి తోడు మాత్రమే, అందును ఆకులే శ్రేష్ఠము: కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, మనము పారవేయు క్యారెట్ ఆకు. పెద్ద కుందేటికి కిలో బరువునకు రమారమి ఒక కప్పు ఆకు దినమునకు చాలును. పాలకూర, తోటకూరలలో ఆక్సాలిక్ ఆమ్లము మెండు గనుక వానిని అరుదుగ, కొలదిగ పెట్టవలెను. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, అవకాడో బొత్తిగ కూడవు. క్రొత్త ఆకును శుభ్రముగ కడిగి, ఒకసారి ఒక్కటే, అదియు కొంచెముగ పెట్టి, పెంటికలు గట్టిగనే యున్నవని చూచిన పిమ్మటనే మోతాదు పెంచుడు.

కుందేలు వాంతి చేసికొనజాలదు; ప్రేవుల కదలిక మందగించినచో కొలది గంటలలోనే ప్రాణాపాయము వాటిల్లవచ్చును. ఒకపూట మేత ముట్టక, పెంటికలు వేయక ముడుచుకొనియున్న కుందేటిని, మరునాటివరకు వేచియుండక, వెంటనే పశువైద్యునికడకు కొనిపొండు.