వార్తల్లో పదం: అక్విటల్

ఆస్ట్రేలియాలో బహుసాంస్కృతిక సంఘములకు లభించు ప్రభుత్వ నిధుల వార్తలలో కానవచ్చు ‘అక్విటల్’ అను పదము, ముద్దాయి నిర్దోషిగా విడుదలగుటను గాక, పుచ్చుకొన్న గ్రాంటును ఇచ్చిన పనికే వెచ్చించితిమని దాతకు లెక్క యొప్పజెప్పి బాధ్యతనుండి విడివడుటను దెలుపును. రెండర్థములకును మూలము విముక్తియే గదా! ఉగాది వేడుకకు వచ్చిన సొమ్ములో హాలు అద్దెకింత, మైకు సెట్టుకింత, పులిహోరకింత యని రసీదులతో చూపి, మిగిలినది సాధారణముగా తిరిగి చెల్లింపవలయును. హాలుకని కోరిన సొమ్మును అనుమతి లేక పట్టుచీరల బహుమతులకు మరలించినచో ఆ వ్యయము చెల్లకపోవచ్చును. మన దేశమున 2017 నాటి సాధారణ ఆర్థిక నియమములు కోరు వినియోగ ధ్రువపత్రము దీనికి దగ్గఱి చుట్టము. గడువులోపల లెక్క యప్పగింపని సంఘమునకు మఱుసటి గ్రాంటు దొరకుట దుర్లభము. కావున కోశాధికారులారా, పండుగనాటి రసీదులను పారవేయకుఁడు.