కప్పు తట్టి చూచిన మా బాపు

మా తండ్రిగారు 2024వ సంవత్సరపు వేసవిలో, తమ 88వ యేట ప్రభువునందు నిద్రించారు. కరీంనగర్ ప్రాంతపు బిడ్డలందరివలె మేము కూడ ఆయనను ‘బాపు’ అనే పిలిచేవాళ్ళం. పత్రికలలో పేరు వేయదగిన పదవులేవీ ఆయన చేయలేదు. రైతు ఇంట పుట్టి, 35 ఏండ్లు బొగ్గుగనిలో పనిచేసి, తిరిగి రైతుగానే కన్నుమూసిన మనిషి. అయినను సమాధి కార్యక్రమానికి గోదావరిఖని నుండి, చుట్టుపట్ల పల్లెల నుండి వచ్చినవారు ఆయనను గూర్చి చెప్పుకొన్న మాటలు విన్న తరువాత ఈ నాలుగు సంగతులు వ్రాయాలనిపించింది. ఆయనను పొగడడం నా ఉద్దేశం కాదు. నాకు ఆయనమీద చాలాకాలం కోపముండేది. ఆ కోపం ఎట్లా తీరిందో చెప్పాలనే ఈ ప్రయత్నం.

చెరువు కింద రెండెకరాలు

బాపు 1936లో గోదావరికి దక్షిణాన ఉన్న ఒక చిన్న పల్లెలో పుట్టారు. అప్పటికి ఆ ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉండేది. తాతగారికి చెరువు కింద రెండెకరాలు, మిట్టన కొంత చెలక ఉండేవి. వానలు పడితే చెలకలో జొన్న, కంది, మక్క. చెరువు నిండితే వరి. నిండని ఏడు తాతగారు ఇతరుల పొలాలకు కూలికి పోయేవారు. బాపు ఏడెనిమిదేండ్ల ప్రాయంలోనే మోట దగ్గర ఎద్దుల వెంట నడిచేవారు.

మెదకులో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన గొప్ప దేవాలయాన్ని గూర్చి తాతగారు వింతగా చెప్పేవారట. మా పల్లెలో మాత్రం మందిరమంటే మట్టిగోడలు, పైన తాటాకు. పగలంతా పశువులు కాచిన పిల్లలకు రాత్రిపూట ఉపదేశిగారు లాంతరు వెలుగులో అక్షరాలు నేర్పేవారు. బాపు చదువు అంతవరకే. నాయనమ్మ ఎసట్లో గింజలు పోసే ముందు పిడికెడు తీసి దేవుని కుండలో వేసేది. ఇంట్లో గింజలు నిండుకొన్న రోజుల్లో కూడ ఆ కుండలో చేయి పెట్టనిచ్చేది కాదట. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిందని ఉపదేశిగారు చెప్పి ప్రార్థన చేయించినప్పుడు బాపుకు పదకొండేండ్లు.

బాయికి పోయిన రైతుబిడ్డ

మా సీమలో గనిని ‘బాయి’ అంటారు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలయింది. 1920లో కంపెనీకి సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. కొత్తగూడెం, బెల్లంపల్లి గనుల తరువాత 1960 ప్రాంతంలో రామగుండం దగ్గర గోదావరి ఒడ్డున బాయిలు తెరిచారు. ‘గోదావరిఖని’ అనే పేరు అట్లా వచ్చినదే.

ఆ రోజుల్లో మా చెరువు వరుసగా రెండేండ్లు నిండలేదు. 25 ఏండ్ల బాపు అవ్వను వెంటబెట్టుకొని, ఒక చాప, రెండు గిన్నెలు, ఒక బైబిలు పట్టుకొని గోదావరిఖని చేరారు. మొదట బదిలీ ఫిల్లరు పని. పేలుడు తరువాత కూలిన బొగ్గును చెమ్మస్‌తో తట్టకెత్తి టబ్బులు నింపాలి. ఆకాశం కింద పెరిగిన మనిషికి ఆ చీకటి మొదట్లో ఎంతో భయం కలిగించిందట. “దిగేటప్పుడు పొలం తలుసుకుంటుంటి, ఎక్కేటప్పుడు దేవుణ్ణి తలుసుకుంటుంటి” అనేవారు.

కొన్నేండ్లకు ఆయన టింబర్‌మన్ అయ్యారు. తవ్విన చోట పైకప్పు కూలకుండ దుంగలు నిలబెట్టే పని అది. దుంగ పెట్టకముందు కప్పును తట్టి చూడాలి. గట్టి కప్పు ఖంగున మ్రోగుతుంది. లోపల పొర విడిన కప్పు డోలువలె బోలుగా మ్రోగుతుంది. కంటికి రెండూ ఒకటే. చెవిపెట్టి వినేవానికే తేడా తెలుస్తుంది. తొందరపడి తట్టకుండ వదిలితే, కింద పనిచేసే నలుగురి ప్రాణాలు పోవచ్చును. అందుకే బాపు దేనికైనా తొందరపడేవారు కారు. ఇంట్లో మాట ఇచ్చే ముందు కూడ అట్లాగే ఆగేవారు.

ఆదివారపు రెండింతల జీతం

మొదట్లో మా సంఘానికి మందిరం లేదు. చింతచెట్టు కింద, వానాకాలం ఎవరో ఒకరి ఇంటి వరండాలో ఆరాధన జరిగేది. రాత్రి బదిలీ చేసినవారు స్నానం చేసి నిద్ర కండ్లతోనే వచ్చి కూర్చునేవారు. 1978లో కరీంనగర్ డయాసిస్ ఏర్పడింది. అదే సంవత్సరం నవంబరులో రామగుండంలో పెద్ద విద్యుత్ కేంద్రానికి పునాది పడింది. ఎక్కడెక్కడి నుండో కుటుంబాలు రావడంతో మా సంఘం కూడ పెరిగింది.

కార్మిక కుటుంబాలకు తెలిసిన శోధన ఒకటున్నది. ఆదివారం సెలవు రోజు. ఆ ‘ప్లేడే’ నాడు పనికి పోతే రెండింతల జీతం వస్తుంది. మా అక్క పెండ్లికి అప్పు చేసినప్పుడు ఆ రెండింతల జీతం మాకు ఎంతో అవసరముండెను. “దేవుడు అప్పు కడుతడా?” అని అవ్వ ఏడ్చింది. బాపు వాదించలేదు. క్వార్టరు వెనుక ఖాళీ జాగాలో తవ్వి, బీర, సొర, గోకర కాయలు పండించి, పొద్దుగాల బదిలీ నుండి వచ్చి సాయంత్రం బజారులో అమ్మేవారు. అప్పు తీరడానికి నాలుగేండ్లు పట్టింది. ఆ నాలుగేండ్ల కష్టంలో సగం అవ్వదే. ఆ సంగతి మరుగుపరచి బాపును మాత్రమే మెచ్చుకొనడం న్యాయం కాదు.

అయితే ఒక ఆదివారం ఆయన పనికి పోయారు. తోటి టింబర్‌మన్ భార్యకు కాన్పు కష్టమై ఆసుపత్రిలో ఉన్నది. అతని బదులు బాపు దిగారు. సంఘంలో ఎవరో అడిగితే, విశ్రాంతి దినాన బావిలో పడిన ఎద్దును తీయడాన్ని గూర్చి ప్రభువు అడిగిన ప్రశ్నను గుర్తుచేసి, “నేను పోయింది గసొంటి బాయికే” అని నవ్వారు. ఆ నాటి జీతం పూర్తిగా ఆ కుటుంబానికే ఇచ్చారు.

జీతాల రోజు గేటు దగ్గర అప్పులవాళ్ళు ఒకవైపు, సారా దుకాణం మరొకవైపు కాచుకొని ఉండేవి. బాపు జీతం తెచ్చి అవ్వ చేతిలో పెట్టేవారు. దశమభాగం తీసిన తరువాతే లెక్కలు. పంట పండుగనాడు పల్లెవాళ్ళు వడ్లు, కోళ్ళు తెస్తే, ఆయన తన పాత బొగ్గుతట్టను కడిగి, దాని నిండ పెరటి కూరగాయలు తెచ్చి బల్లముందు పెట్టేవారు. ఆయనకు ఇష్టమైన భాగం యోబు గ్రంథం 28వ అధ్యాయం. మనుష్యులు భూమి లోతులకు దిగి విలువైనవి వెదకే సంగతి అందులో ఉన్నది. “ఇది రాసినాయనకు బాయి పని తెలుసు” అనేవారు.

నా కోపం

1993లో నేను ఐ.టి.ఐ. పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. కార్మికుడు అనారోగ్యం వలన పనికి తగడని వైద్యులు ధృవీకరిస్తే అతని వారసునికి ఉద్యోగమిచ్చే పద్ధతి ఆ రోజుల్లో ఉండేది. బాపుకు 57 ఏండ్లు. మోకాళ్ళ నొప్పి తప్ప జబ్బు లేదు. ఒక సాయంత్రం ఒక పెద్దమనిషి ఇంటికి వచ్చి, కొంత సొమ్ము ఖర్చుపెడితే లేని జబ్బుకు కాగితం తెప్పిస్తానన్నాడు. నేను ఆశతో బాపు ముఖం చూచాను.

బాపు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “లేని రోగం ఉన్నదని రాయిస్తే, ఆ కాగితం కింద నా కొడుకు ముప్పై ఏండ్లు బతకాలె. బోలు కప్పు కింద వాణ్ణి కూసోబెట్టలేను” అని లేచిపోయారు. నాతో ఒక్కమాట కూడ మాట్లాడలేదు.

నేను అప్పుచేసి దుబాయి పోయాను. నాలుగేండ్లు ఎండలో కట్టడాల పని. అవ్వకు ఉత్తరాలు వ్రాసేవాణ్ణి కాని, “బాపుకు నమస్తే” అని కూడ వ్రాయలేదు. ఆ ఉత్తరాలను బాపే అవ్వకు చదివి వినిపించేవారని నాకు తరువాత తెలిసింది. ప్రతి ఉత్తరంలో తన పేరు ఉంటుందేమోనని వెదకి, లేదని మడిచి ఇచ్చేవారట.

నేను తిరిగి వచ్చేనాటికి బాపు పదవీ విరమణ చేసి, పల్లెలో ఆ రెండెకరాలే దున్నుకొంటున్నారు. బస్సు దిగి పొలం దగ్గరికే పోయాను. ఆయన నాగలి ఆపి, గట్టుమీద కూర్చోబెట్టి, “బిడ్డా, నేను వద్దన్నది తప్పు కాదు. కని నీ బాధ అడుగకుండ, నీతోని ఒక్కమాట మాట్లాడకుండ వద్దన్నది తప్పు. నన్ను క్షమించు” అన్నారు. తండ్రి కొడుకును క్షమాపణ అడగడం మా ఇండ్లలో నేనెన్నడూ చూడలేదు. నా నోట మాట రాలేదు. ఆయన చేతిలోని నాగలి అందుకొన్నాను.

మరల పొలంలో

ఆ తరువాత ఇరువదియేండ్లకు పైగా కలిసి సేద్యం చేశాం. లాభాలు గొప్పగా లేవు. కొన్నేండ్లు నష్టమే. 1999లో రామగుండం ఎరువుల కర్మాగారం మూతబడి ఎందరో ఉద్యోగాలు కోల్పోయినప్పుడు, ఉద్యోగమే గట్టి కప్పు అనుకొన్న నాకు కండ్లు తెరుచుకొన్నాయి. (2021లో అక్కడ కొత్త సంస్థ మరల ఎరువుల ఉత్పత్తి ప్రారంభించింది.)

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. వార్త వినగానే 67 ఏండ్ల బాపు నాట్లు మానుకొని బస్సెక్కారు. కొన్ని దినాలు అక్కడే ఉండి, దుఃఖంలో ఉన్న ఇండ్లకు పోయి నేలమీద కూర్చునేవారు. వాక్యం చెప్పమని ఎవరైనా అడిగితే, “ఇప్పుడు కాదు, ముందు వాళ్ళకు నీళ్ళు తాపుండ్రి” అనేవారు. ఆయన సమాధినాడు వచ్చినవారిలో కొందరు ఆ నీళ్ళ సంగతే చెప్పారు.

చివరి సంవత్సరాలలో దమ్ము, చెవుడు వచ్చినవి. కప్పు చప్పుడు విని తేడా చెప్పిన చెవులకు మా మాటలు వినబడేవి కావు. అయినను రాత్రి కుటుంబ ప్రార్థనలో మనుమల పేర్లు, తాను ఎరిగిన కార్మికుల పేర్లు వరుసగా పలికేవారు. ఒక్క పేరు మరచినా అవ్వ అందించేది.

ప్రియమైన తండ్రులారా, మన పిల్లలకు ఆస్తి ఇవ్వలేకపోవచ్చును. వారిని ఎటువంటి కప్పు కింద ఉంచి పోతున్నామో మాత్రం తట్టి చూచుకొనవలెను. న్యాయమైన దానికి ‘వద్దు’ అనవలసి వచ్చినప్పుడు, బిడ్డ ప్రక్కన కూర్చుండి ఆ మాట చెప్పండి. కుమారులారా, కుమార్తెలారా, మీ ఉత్తరంలో, మీ ఫోనులో తండ్రి పేరు విడిచిపెట్టకండి. ఆయన దానికొరకు వెదకుచుండవచ్చును.

ఇంతకాలము మాకు మా బాపును ఇచ్చిన దేవునికి స్తోత్రము. ఈ యేడు చెరువు నిండింది. ఆ రెండెకరాలలో నాట్లు వేశాము.