పూతరేకుల ఊరి నుంచి జీనోమ్ వ్యాలీ దాకా: బయోటెక్ కంపెనీకి కావలసిన మనుషులు ఎక్కడ దొరుకుతారు?

ఇంటర్‌లో బైపీసీ చదివి మెడికల్ సీటు రాని పిల్లలకు గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లలో చెప్పే రెండో దారి బీఎస్సీ బయోటెక్నాలజీ లేదా మైక్రోబయాలజీ. డిగ్రీ అయ్యాక పీజీ, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఏదో ఒక ల్యాబ్‌లో ఉద్యోగం. అక్కడితో ఆ చదువు కథ అయిపోయిందనుకుంటాం.

అదే ఊళ్లలో గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బు, కొబ్బరి మీదా, అరటి మీదా, చెరువుల మీదా మిగిలిన డబ్బు బంగారంలోకో ఇంటి స్థలంలోకో పోతుంది. చదువుకున్నవాళ్లు ఒకచోట, డబ్బున్నవాళ్లు ఒకచోట, తెగులుతోనో రోగంతోనో నష్టపోతున్న రైతు ఇంకోచోట. వీళ్లకు ఒకరి సంగతి ఒకరికి తెలీదు. ఈ ముగ్గురినీ క్రమం తప్పకుండా ఒకచోట కూర్చోబెట్టే ఏర్పాటునే ఇవాళ బయోటెక్ నెట్‌వర్క్ అంటున్నారు. ఇది ఎలా పనిచేస్తుంది, ఆత్రేయపురం లాంటి ఊరికి దీనితో ఏం పని, డబ్బు పెట్టే కుటుంబం ఏం చూసుకోవాలి అన్నది తెలుసుకుందాం.

బయోటెక్‌కు పరిచయాలు ఎందుకంత ముఖ్యం?

బట్టల షాపు పెడితే మొదటి నెల నుంచే ఎంతోకొంత గల్లాపెట్టెలో పడుతుంది. టీకా, మందు, రోగ నిర్ధారణ కిట్ లాంటివి అలా కాదు. ముందు ల్యాబ్‌లో పరీక్షలు చేయాలి. మందైతే జంతువుల మీద, ఆ తర్వాత మనుషుల మీద పరీక్షలు, ఆపైన ప్రభుత్వ అనుమతులు. సరుకు అమ్మకానికి రావడానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఖర్చే తప్ప రాబడి ఉండదు.

బ్యాంకుకు వెళ్తే తాకట్టు అడుగుతారు. బుర్రలో ఉన్న ఆలోచనను తాకట్టు పెట్టలేం కదా. డబ్బున్న వ్యాపారికి సైన్సు అర్థం కాదు, సైన్సు తెలిసినవాడికి మార్కెట్ తెలీదు. ఇద్దరికీ తెలిసిన మూడో మనిషి మధ్యలో ఉండి "ఈ పని జరిగేదే" అని చెబితే తప్ప చెయ్యి కలవదు. ఆ మూడో మనిషి దొరికేది పరిచయాల వల్లే.

ఒమన్ మంత్రి పెట్టుబడి, హైదరాబాద్ టీకా

దీనికి మన తెలుగునాట దొరికే గట్టి ఉదాహరణ శాంతా బయోటెక్నిక్స్. దాన్ని స్థాపించిన కె.ఐ.వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, బయాలజీ చదివినవారు కాదు. 1990ల మొదట్లో హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచే రావాలి. డోసు వందల రూపాయలు ఉండేది. సామాన్యుడు కొనలేని ధర అది. ఇక్కడే తయారు చేద్దామని ఆయన 1993లో తల్లి పేరు మీద కంపెనీ పెట్టారు.

పెట్టుబడి కోసం తిరుగుతున్నప్పుడు ఆదుకున్నది ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవి. ఆయన కంపెనీలో వాటాదారుగా చేరారు. పరిశోధన మొదట ఉస్మానియా యూనివర్సిటీలో, తర్వాత సీసీఎంబీలో సాగింది. 1997లో 'శాన్‌వాక్-బి' పేరుతో టీకా బయటకొచ్చింది. జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా అదే. మరుసటి ఏడాదికే భారత్ బయోటెక్ కూడా తన టీకాతో వచ్చింది. పోటీ పెరిగాక డోసు ధర పదుల రూపాయల్లోకి దిగింది. 2009లో శాంతా బయోటెక్నిక్స్ ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ చేతికి వెళ్లింది.

ఈ కథలో ఎవరెవరున్నారో చూడండి. పట్టుదల ఉన్న ఒక ఇంజనీరు, ల్యాబ్ తలుపులు తెరిచిన సంస్థలు, ఓపిగ్గా డబ్బు పెట్టిన ఒక గల్ఫ్ ఇన్వెస్టర్. ఇందులో ఏ ఒక్కరు లేకపోయినా ఆ టీకా వచ్చేది కాదేమో.

జీనోమ్ వ్యాలీ ఎలా పెరిగింది?

హైదరాబాద్ ఒక్కరోజులో బయోటెక్ నగరం కాలేదు. బయలాజికల్-ఇ 1953లోనే మొదలైంది. 1960లలో బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చింది. అక్కడ పనిచేసి అనుభవం సంపాదించిన వాళ్లలో చాలామంది బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డి వాళ్లలో ఒకరు. 1977లో సీసీఎంబీ ఏర్పడింది. అంటే మనుషులు, చదువు, అనుభవం ముందే పోగుపడి ఉన్నాయి.

1999 ప్రాంతంలో శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీ, అందులోనే ఐకేపీ నాలెడ్జ్ పార్క్ వచ్చాయి. ఐకేపీ చేసిన మేలు ఏమిటంటే, చిన్న కంపెనీకి ల్యాబ్ అద్దెకు ఇవ్వడం. కోట్లు పోసి సొంతంగా కట్టుకునే పని తప్పింది. రెండు దశాబ్దాలుగా హైదరాబాద్‌లో జరుగుతున్న బయో ఏషియా సదస్సు కంపెనీలనూ, శాస్త్రవేత్తలనూ, ఇన్వెస్టర్లనూ, అధికారులనూ ఒకే చోటికి తెస్తోంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆస్పైర్-బయోనెస్ట్, సీసీఎంబీలో అటల్ ఇంక్యుబేషన్ సెంటర్ కొత్తవాళ్లకు చోటిస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ మెడ్‌టెక్ జోన్ వైద్య పరికరాల తయారీదారులకు ఇలాంటి పనే చేస్తోంది.

డెల్టాలో ఏముంది?

ఉమ్మడిగా కదిలితే ఏమవుతుందో ఆత్రేయపురం ఇప్పటికే చూసింది. ఇక్కడి పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. ఎవరింట్లో వాళ్లు రేకు తీసుకునే కుటుంబాలు సంఘంగా ఏర్పడటం, విశాఖలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం కాగితాల పనిలో తోడు నిలవడం వల్లే అది సాధ్యమైంది. ఒక్క కుటుంబం వెళ్లి అడిగితే వచ్చే హక్కు కాదు అది.

బోర్లించిన కుండ మీద పల్చటి బియ్యప్పిండి నీళ్లతో తీసే ఆ రేకు, సైన్సు భాషలో చెప్పాలంటే, తినదగిన స్టార్చ్ పొర. ప్యాకింగ్‌కూ, మందుల పూతకూ ఇలాంటి పొరల మీద ప్రపంచమంతా పరిశోధన జరుగుతోంది. రేకు ఎక్కువ రోజులు తేమ పట్టకుండా, విరగకుండా ఉండాలన్నా అది ల్యాబ్‌లో తేల్చాల్సిన విషయమే.

చెరువుల సంగతి ఇంకా పెద్దది. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక సాగు ఎంతో పెరిగింది. దాంతోపాటే తెల్లమచ్చ వైరస్, ఈహెచ్‌పీ కూడా రైతును వెంటాడుతున్నాయి. ఈహెచ్‌పీ సోకిన రొయ్య ఉన్నట్టుండి చావదు, ఎదగదు. మేత ఖర్చు మాత్రం అవుతూనే ఉంటుంది. చెరువు గట్టు మీదే తక్కువ ఖర్చుతో దీన్ని పట్టుకునే కిట్ ఎవరు చేసినా కొనేవాళ్లు ఇక్కడే ఉన్నారు. రావులపాలెం మార్కెట్‌కు అరటి పంపే రైతుకు తెగులు లేని టిష్యూ కల్చర్ పిలకలు కావాలి. కడియం నర్సరీలకూ అదే అవసరం.

పరిశోధనకూ కొదవ లేదు. మార్టేరు వరి పరిశోధనా కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం తూర్పు భారతమంతా పాకింది. దానికే నీట మునిగినా తట్టుకునే జన్యువును చేర్చి తయారుచేసిన స్వర్ణ సబ్-1ను 2009లో మన దేశంలో విడుదల చేశారు. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, తాడేపల్లిగూడెంలో నిట్, రాజమండ్రిలో నన్నయ యూనివర్సిటీ, కేంద్ర వ్యవసాయ పరిశోధనా సంస్థ ఉన్నాయి. 2025లో మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు రాజమండ్రిలోనూ కేంద్రం ఉంది.

మొదలుపెట్టడం ఎలా?

పెద్ద హాలు, ఫ్లెక్సీలు, సన్మానాలు అక్కర్లేదు. ఇరవై ముప్పై మంది చాలు. నెలకొకసారి, ఒకే రోజు, ఒకే చోట కలవాలి.

మొదట మాట్లాడాల్సింది రైతు, హేచరీ యజమాని, పూతరేకులు చేసే మహిళ. సమస్య ఏమిటో, దానికి ఇప్పుడు ఎంత ఖర్చవుతోందో వాళ్లు చెప్పాలి. ఆ తర్వాతే చదువుకున్నవాళ్లు నోరు విప్పాలి. పూతరేకుల పని ఎక్కువగా ఆడవాళ్లదే కాబట్టి వాళ్లకు వీలైన వేళ పెట్టుకోవాలి.

రెండో పని, చుట్టుపక్కల ఏ కాలేజీలో ఏ యంత్రం ఉంది, బయటివాళ్లకు వాడుకోనిస్తారా అన్న జాబితా. మూడోది, హైదరాబాద్‌లోనూ గల్ఫ్‌లోనూ పనిచేస్తున్న మన ఊరివాళ్లను ఫోన్‌లోనైనా సలహాదారులుగా కలుపుకోవడం. నాలుగోది, గ్రాంట్లు. కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ 2012 నుంచి పనిచేస్తోంది. దాని బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్ కింద ఎంపికైన ఆలోచనకు 50 లక్షల రూపాయల దాకా ఇస్తారు. అది అప్పు కాదు, వడ్డీ ఉండదు.

డబ్బు పెట్టే ముందు

వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు బ్యాంకు డిపాజిట్ వద్దనుకుని ఎటు పోవాలో తెలీక ఆగిపోతుంటాయి. స్టార్టప్‌లో వాటా కొనడం అప్పు ఇవ్వడం లాంటిది కాదు. లాభం వస్తే వాటా ప్రకారం లాభం, నష్టం వస్తే నష్టం. ముషారకా పద్ధతికి ఇది దగ్గరగా ఉంటుంది. అయితే కంపెనీ ఏం తయారు చేస్తుంది, దానికి వడ్డీ అప్పులున్నాయా అన్నది చూపించి ఆలిములను అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇందులో రిస్క్ మామూలుది కాదు. చాలా స్టార్టప్‌లు నిలబడవు. నిలబడినా డబ్బు చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. అమ్మాయి పెళ్లికి దాచిన సొమ్ము, హజ్ కోసం కూడబెట్టిన సొమ్ము ఇందులో పెట్టకూడదు. పోయినా ఇల్లు గడుస్తుందనుకునే డబ్బే పెట్టాలి.

"నెలకు ఇంత లాభం ఖాయం" అని ఎవరైనా చెబితే అక్కడే లేచి రావాలి. వాటాలో ఖాయమైన లాభం ఉండదు. హలాల్ అన్న మాట చేర్చి చెప్పినా సరే. కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ తన వాటాలు కొనమని జనాన్ని బహిరంగంగా పిలవకూడదు. సాధారణంగా దాని వాటాదారులు 200 మందిని మించకూడదు. ఊరూరా తిరిగి వేలమంది దగ్గర డబ్బు వసూలు చేసేవాళ్లు ఈ దారిలో ఉన్నవాళ్లు కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

కంపెనీ నిజంగా నమోదైందా, పేటెంట్ ఎవరి పేరు మీద ఉంది, వాటా ధర ఎలా కట్టారు, బయటికి రావాలంటే దారేమిటి? ఈ నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబు తీసుకోవాలి. సొంత బంధువు కంపెనీ అయినా ఒప్పందం రాసుకోవాల్సిందే.

ఆఖరి ఏడాది చదువుతున్న పిల్లలు ఇప్పుడే చేయగలిగింది ఒకటుంది. కాలేజీ ప్రాజెక్టును నెట్‌లో వెతికి తెచ్చుకునే బదులు పక్కనున్న చెరువు దగ్గరికో, అరటి తోటకో, పూతరేకులు తీసే ఇంటికో వెళ్లి అక్కడి సమస్య మీద చేయాలి. ఏదైనా సమావేశంలో ఇన్వెస్టర్ ఎదురైతే వాళ్ల దగ్గర చూపించడానికి మార్కుల మెమోతోపాటు ఆ పని కూడా ఉంటుంది.