కరెంటు పోయొస్తే వైఫై పాత పాస్‌వర్డే అడుగుతోందా? రౌటర్‌లో సేవ్, రీసెట్ సంగతి ఇదీ

గుడివాడ: వైఫై పాస్‌వర్డ్ మార్చారు. రెండు రోజులు బాగానే నడిచింది. కరెంటు పోయి వచ్చాక చూస్తే కొత్త పాస్‌వర్డ్ తీసుకోదు, పాతదే పనిచేస్తుంది. గాలివానకు కరెంటు పోవడం గుడివాడ, బందరు, దివిసీమ వైపు మామూలే. పిల్లల ఆన్‌లైన్ క్లాసు, గల్ఫ్‌లో ఉన్న అబ్బాజాన్‌తో వీడియో కాల్ అక్కడే ఆగిపోతాయి. ఇలా జరిగితే రౌటర్ పాడైందని కంగారు పడక్కర్లేదు. మార్చిన సెట్టింగ్ సేవ్ కాకపోయి ఉండొచ్చు.

రెండు చోట్ల సెట్టింగులు

ప్రస్తుతం నడుస్తున్న సెట్టింగులు ర్యామ్‌లో ఉంటాయి. కరెంటు పోతే అవీ పోతాయి. రౌటర్ మళ్లీ ఆన్ అయ్యేటప్పుడు చదువుకునేవి ఫ్లాష్ మెమరీలో ఉంటాయి. కొట్టు భాషలో చెప్పాలంటే, ర్యామ్ పలక మీద రాసిన లెక్క, ఫ్లాష్ ఖాతా పుస్తకంలోకి ఎక్కించిన లెక్క. పలక తుడిస్తే మిగిలేది పుస్తకంలో ఉన్నదే.

సేవ్ ఎలా చేయాలి?

చాలా ఇంటి రౌటర్లలో సేవ్ లేదా అప్లై నొక్కితే చాలు. కొన్ని ఫైబర్ బాక్సుల్లో మాత్రం అప్లై చేశాక 'కమిట్ అండ్ రీబూట్' అనే మెనూలోకి వెళ్లి కమిట్ కూడా నొక్కాలి. అది మర్చిపోతేనే పాత పాస్‌వర్డ్ తిరిగొస్తుంది.

సీసీఎన్ఏ నేర్చుకునే పిల్లలకు ఇదే మొదటి పాఠం. సిస్కో రౌటర్‌లో నడుస్తున్నది 'రన్నింగ్ కాన్ఫిగ్', ఎన్‌వీర్యామ్‌లో దాచినది 'స్టార్టప్ కాన్ఫిగ్'. 'కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్' అని కొడితే సేవ్ అవుతుంది. తీసేయాలంటే 'ఎరేజ్ స్టార్టప్-కాన్ఫిగ్' కొట్టి, తర్వాత 'రీలోడ్' ఇవ్వాలి. రీలోడ్ ముందు సేవ్ చేయమంటారా అని అడిగితే 'నో' అనాలి. 'యెస్' అంటే తుడిచిందంతా మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

రీసెట్ నొక్కే ముందు

రీబూట్ వేరు, రీసెట్ వేరు. రీబూట్ అంటే ఆపి మళ్లీ ఆన్ చేయడమే, సేవ్ చేసినవి పోవు. వెనకున్న చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి కాసేపు నొక్కి ఉంచితే రీసెట్ అవుతుంది, మీరు పెట్టినవన్నీ పోతాయి. ఆపరేటర్ ఎక్కించిన యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కూడా పోవచ్చు. అప్పుడు లైట్లు వెలుగుతాయి గానీ నెట్ రాదు.

2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌గ్రిడ్ మొదలయ్యాక ఫైబర్ బాక్సు పల్లెలకూ చేరింది. మీ బాక్సు ఏ కంపెనీదైనా సరే, ఆపరేటర్‌ను అడిగి ఆ వివరాలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. బ్యాకప్ సౌకర్యం ఉంటే ఆ ఫైలు కూడా దాచుకోండి. అందులో పాస్‌వర్డ్‌లు ఉంటాయి కాబట్టి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు.

సొంత రౌటర్‌ను అమ్మినా, బంధువులకు ఇచ్చినా మాత్రం రీసెట్ తప్పనిసరి. లేకపోతే మీ నెట్ యూజర్ ఐడీ, వైఫై పాస్‌వర్డ్ దాంతో పాటే వేరే ఇంటికి వెళ్తాయి.