గాజుతో విమానం రెక్క ఎలా చేశారు?

గాజు గ్లాసు చేయి జారితే ముక్కలవుతుంది. అలాంటి గాజుతో విమానమా? అవును! జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో హెర్మన్ నేగెలె, రిచర్డ్ ఎప్లర్ రూపొందించిన ‘ఫీనిక్స్’ గ్లైడర్ 1957 నవంబరులో ఎగిరింది. గాజుపోగుల ప్లాస్టిక్‌తో తయారైన తొలి గ్లైడర్ అదే.

కర్ర ఎందుకు చాలలేదు?
గ్లైడర్‌కు ఇంజిన్ ఉండదు. ఎక్కువ దూరం వెళ్లాలంటే గాలి దాని రెక్కల మీదుగా సాఫీగా సాగాలి. అంతకుముందు వాడిన కర్ర రెక్కల మీద చిన్న ఎగుడుదిగుళ్లున్నా గాలి చెదిరి, విమానాన్ని వెనక్కి లాగుతుంది.

మరి గాజు పగలదా?
గాజు పగిలేది దాని మీదుండే సన్నని బీటల వల్లే. వెంట్రుక కన్నా సన్నని పోగులుగా తీస్తే పెద్ద బీటలకు చోటుండదు. అప్పుడు ఎంత లాగినా ఓ పట్టాన తెగదు. రెజిన్ అనే జిగురు ఆ పోగులన్నిటినీ కలిపి పట్టి ఉంచుతుంది. ఒక పోగు తెగితే దాని భారాన్ని పక్క పోగులకు పంచుతుంది.

ఎలా చేస్తారు?
నున్నటి అచ్చులో గాజుపోగులతో నేసిన గుడ్డ పరిచి, రెజిన్ పట్టించి గట్టిపడనిస్తారు. అచ్చు ఎంత నునుపో రెక్కా అంత నునుపు! పలుచని పొర ముడతపడకుండా, ఫీనిక్స్‌లో రెండు గాజు పొరల మధ్య తేలికైన బాల్సా కర్ర పెట్టారు. పొరల మధ్య దూరం పెరిగేకొద్దీ వాటిని వంచడం కష్టం. బరువు మాత్రం కొంచెమే పెరుగుతుంది.

ఇలా రెండు పదార్థాలు కలిసి పనిచేసేవే కాంపోజిట్లు. నేటి బోయింగ్ 787 బరువులో దాదాపు సగం వీటిదే. అయితే అందులో ఎక్కువగా వాడింది కార్బన్ పోగులు.